పండుమిరప ఎరుపు

ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో బోగీల కింద వేసే కమాను పట్టీలు కాల్చే పని జగ్గారావుది. కొలిమిలో పట్టీ పండుమిరప రంగుకు రాగానే లాగి నూనెలో ముంచాలి. ముందే తీస్తే మెత్తగా ఉండిపోతుంది, ఎక్కువ కాలితే పెళుసవుతుంది. ఆ రంగు ఆయన కళ్ళకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని షాపంతా ఒప్పుకునేది. ఆయనైతే అందరికంటే ముందే ఒప్పుకున్నాడు. మాది పక్క క్వార్టరు కాబట్టి ఆ గొప్పలు రోజూ విని చచ్చేవాళ్ళం.

అరవై రెండులో కొలిమిని కొత్త షెడ్డుకు మార్చారు. పాత షెడ్డు మసిబారి పగలే చీకటిగా ఉండేది. కొత్తదానికి పైకప్పు నిండా అద్దాలు. ఫోర్‌మన్ రిచర్డ్ వేడి కొలిచే మీటరు తెప్పించి గోడకు బిగించాడు. వెలుతురు మారింది కదా, కొన్నాళ్ళు దీన్ని చూసి తియ్యమని నెమ్మదిగానే చెప్పాడు.

"నానేటి, గడియారం సూసి అన్నం వండుతానేటి?" అని జగ్గారావు దాని మీద గోనె కప్పేశాడు. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నెల తిరక్కుండానే, బరువు పెట్టి పరీక్షించేచోట ఆయన కాల్చిన పట్టీ ఒకటి విరిగి ఎగిరింది. అక్కడ పనిచేసే దేముడి కుడిచేతి వేళ్ళు మూడు పోయాయి. దేముడు జగ్గారావు భార్య చిలకమ్మకు సొంత తమ్ముడు.

తన చూపే మందగించిందనుకున్నాడు జగ్గారావు. ఇంకో కారణం ఆయన బుర్రకు తోచలేదు. చూపు లేదని తేలితే కొలిమి పని తీసేసి ఊడ్చే పనిలో వేస్తారు. అయినా తనంతట తనే రైల్వే ఆసుపత్రికి వెళ్ళి కళ్ళ పరీక్షకు కూర్చున్నాడు.

"బిల్కుల్ ఠీక్ హై," అన్నాడు డాక్టరు.

ఆసుపత్రి మెట్ల మీద ఆయన ఏడుస్తుంటే మా నాన్న చూశాడు. రిచర్డ్ చెప్పింది ఆయనకు అప్పుడు అర్థమైంది: వెలుతురు ఎక్కువైతే ఎర్రగా కాలిన ఇనుము కూడా మసకగా కనిపిస్తుంది. అందుకే పట్టీ ఇంకా కాలలేదనుకుని కొలిమిలో ఉంచేశాడు. కళ్ళు చెడి ఉంటే ఎవరి తప్పూ కాకపోయేది. బాగున్నాయి కనుక తప్పంతా ఆయనదే.

అక్కణ్ణించి నేరుగా దేముడింటికి వెళ్ళాడు. "నా కళ్ళు బాగానే ఉన్నాయట్రా. రిచర్డ్ సెప్తే ఇన్లేదు. నీ సెయ్యి నానే తీసినాను."

దేముడు కట్టుకట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నీ కళ్ళు పోనాయంటే ఊరుకుందును బావా," అన్నాడు. "ఇప్పుడూరుకోను. నా జాగాలో రేపు ఇంకోడు నిలబడతాడు. ఎల్లు, ముందు ఆ ఎలుతురులో పని నేర్సుకో."