సినోపె సామి, తారు డ్రమ్ము

ఆ రోజుల్లో, అంటే అనంతపురంలో డిగ్రీ చదివే రోజుల్లో, నాకు సినోపె అనే గ్రీకు నగరం తప్ప లోకంలో మరో ఊరు కనిపించేది కాదు. సముద్రం ఒడ్డున ఉండిన ఆ ఊరు తత్వవేత్తలనూ, నవ్వు నాటకాలు రాసేవాళ్లనూ కన్నదట. (అంతా నీళ్ల మహిమ అనుకునేవాణ్ని. మా నల్లమాడ పక్క బోర్లలోనే నీళ్లు లేవు, ఇక తత్వవేత్తలు ఎక్కడినుంచి వస్తారు!) వాళ్లలో ఒకాయన ఇల్లూ వాకిలీ వదిలేసి పెద్ద మట్టి జాడీలో కాపురం పెట్టాడు. లోకాన్ని గెలిచిన చక్రవర్తి వచ్చి తన ఎదుట నిలబడి "ఏం కావాలో కోరుకో" అంటే, "నా ఎండకు అడ్డం తప్పుకో" అన్నాడట. ఆ పాఠం విన్న రోజు నాకు హాస్టల్లో అన్నం సయించలేదు.

మా నాయనకు నా పిచ్చి సయించలేదు. వరసగా ప్రతి ఏడూ వేరుశనగ ఎండిపోతోంది. "చదివింది చాలప్పా. రాయదుర్గం పోయి మీ మామ కాడ జీన్సు ప్యాంట్లు కుట్టడం నేర్చుకో. ఆ గ్రీకోళ్లు నీకు కూడు పెడ్తారా?" అన్నాడు. కాళ్లావేళ్లా పడితే చివరికి, "ఉగాదికి బడికాడ ఆ సామి నాటకం ఆడతావంట కదా, చూస్తా. బాగుంటే చదువు. లేకుంటే బస్సెక్కు" అన్నాడు.

కరెంటు మీద నమ్మకం లేక నాటకం మధ్యాహ్నం మూడింటికే పెట్టాం. అంత పెద్ద జాడీ దొరకలేదు. రోడ్డు పనివాళ్లు వదిలేసిపోయిన తారు డ్రమ్మును పడుకోబెట్టి, గోచీతో అందులో దూరి, కాళ్లు బయటికి చాపాను. ఇనుప డ్రమ్ము, అనంతపురం ఎండ! వీపు కాలుతోంది, కరిగిన తారు అంటుకుంటోంది. అప్పుడు వచ్చాడు చక్రవర్తి, మా పెద్దనాయన కొడుకు, ఆరడుగుల మనిషి, అవ్వ దుప్పటి భుజాన వేసుకొని. వాడు డ్రమ్ము మూతి ముందు నిలబడగానే నా మీద నీడ పడింది. అబ్బ, ప్రాణం లేచొచ్చింది!

"ఏం కావాలో కోరుకో!" అన్నాడు వాడు. ఎదురుగా నాయన కన్నార్పకుండా చూస్తున్నాడు. నెల రోజులు బట్టీపట్టిన మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"యాడికీ పోవద్దన్నా, ఆడనే నిలబడు! రోంత ఇట్ల జరుగు, కాళ్లకు ఎండ తగుల్తాండాది!"

జనం విరగబడి నవ్వారు. చక్రవర్తి దుప్పటి నోట్లో కుక్కుకున్నాడు. నా చదువు రాయదుర్గం బస్సెక్కిందనే అనుకున్నాను. నాయన వచ్చి నన్ను డ్రమ్ములోంచి లాగి, "అసలు ఆ సామి ఏమన్నాడురా?" అని అడిగాడు. చెప్పాను.

"నీడ ఇచ్చినోన్ని తప్పుకోమన్నాడా! చదివి చదివి నువ్వూ అట్లయిపోతావేమో అని భయపడినా. నీకేం కాలేదు. పో, చదువుకో పో."

నా వీపు మీది తారును కిరసనాయిలు గుడ్డతో రుద్దింది కూడా ఆయనే, ఎండకు అడ్డంగా నిలబడి.

ఇప్పుడు నేనే పిల్లలకు ఆ పాఠం చెబుతున్నాను. ఊళ్లో మాత్రం ఇంకా డ్రమ్ము సామినే. "తప్పుకో" అనే మాట దగ్గరికి రాగానే నాకు చక్రవర్తి కాదు, నాయన గుర్తుకొస్తాడు. ఆయన పోయాక నా ఎండకు అడ్డం నిలిచేవాళ్లు లేరు. సినోపె సామి కోరుకున్నదంతా ఇన్నాళ్లకు డ్రమ్ము సామికి దొరికింది కదా అని, నాలో నేను నవ్వుకుంటాను.