రత్నం ఇన్సులిన్ కుండ

కుడి చేతిలో సుద్దముక్క పట్టుకుని ప్రమాణం చేస్తున్నాను: ఇందులో రాసిన ప్రతి అక్షరం నిజం. ఒట్టు ఎందుకని కొత్తవాళ్లు అడగవచ్చు, నన్నెరిగినవాళ్లు అడగరు. ఇరవై ఏళ్లకు పైగా సర్కారు హైస్కూళ్లలో సోషల్ చెబుతున్నాను. మా తాత కళింగపట్నం ఒడ్డున తాబేలు మీద ఎక్కి ఒడిశాలోని గోపాలపూర్ దాకా వెళ్లి, అక్కడ కొన్న పకోడీలు చల్లారకముందే తిరిగొచ్చాడని నేను చెబితే నమ్మిన పిల్లలు ఇప్పుడు పిల్లల తండ్రులయ్యారు. అందుకే ముందే ఒట్టు వేస్తున్నాను. ఇది జబ్బు సంగతి, ఒక పిల్ల ప్రాణం సంగతి. ఇందులో కతలు కలపను.

రాష్ట్రం ఇంకా ఒక్కటిగా ఉన్న రోజులవి. సముద్రానికి దగ్గర్లోని హైస్కూల్లో తొమ్మిదో తరగతికి క్లాసు టీచర్ని. ఆగస్టులో ఒక రోజు హాజరు పిలుస్తుంటే నూకరత్నం లేచి "ప్రెజెంట్ సార్" అంది. గొంతు రత్నానిదే. మనిషి మాత్రం అక్క బట్టలేసుకున్న చెల్లెలిలా ఉంది. జూన్‌లో సరిపోయిన యూనిఫాం భుజాల మీంచి జారిపోతోంది. కబడ్డీలో అవతలి జట్టుని మొత్తం ఈడ్చుకొచ్చే పిల్ల, కూర్చోవడానికి బెంచీ పట్టుకుంది. ఎదిగే వయసు కదా అనుకుని తర్వాతి పేరు పిలిచాను. నా మొదటి తప్పు అది.

రత్నం తండ్రి గుజరాత్ బోట్ల మీద వేటకి వెళ్లేవాడు, ఏడాదిలో నాలుగు నెలలే ఇంట్లో ఉండేవాడు. తల్లి దానమ్మ ఒడ్డు దగ్గర చేపలు కొని, ఐసు పెట్టెలో సర్దుకుని, ఆటోలో శ్రీకాకుళం తీసుకెళ్లి అమ్మేది. పిల్లని కనిపెట్టుకుని ఉండడానికి ఇంట్లో ఇంకెవరూ లేరు. పగలంతా ఆ పని మాది, అంటే బడిది.

ఆ నెలంతా రత్నం నీళ్లు తాగడం, బయటికి వెళ్తానని చెయ్యెత్తడం, ఇదే పని. ఒక పీరియడ్‌లో మూడుసార్లు అడిగేది. మా బడిలో ఆడపిల్లలకి మరుగుదొడ్లు రెండుండేవి. వాటికి తాళాలు. తాళం చెవులు హెడ్మాస్టరు గారి మొలకి. ఆ గుత్తి బరువుకి ఆయన ఒక పక్కకి ఒరిగి నడిచేవారు. "తెరిచామంటే పిల్లలు పాడు చేసేస్తారు మాస్టారూ. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చేవాళ్లకి ఏం చూపిస్తాం?" అనేవారు. అందుకని ఆడపిల్లలు బడి వెనక సరుగుడు తోటలోకి వెళ్లాల్సిందే. రానూపోనూ పావుగంట. క్లాసు మధ్యలో ఆ పావుగంట అందరికీ తెలిసేది.

ఇంతలో ఆమెకో పేరు పడింది. నేను నదుల పాఠం చెబుతుండగా రత్నం మూడోసారి చెయ్యెత్తింది. "అదిగో, వంశధారకి మళ్లీ వరదొచ్చింది" అని వెనక బెంచీ గుంటలెవరో అన్నారు. క్లాసంతా గొల్లుమంది. ఆ రోజు నుంచి రత్నం పేరు వంశధార. నీళ్ల కుండ దగ్గరికి వెళ్తే వంశధార, తలుపు దాటితే వంశధార.

వారం తిరిగేసరికి ఆమె చెయ్యెత్తడం మానేసింది. పోనీలే, తగ్గిందనుకున్నాను. తగ్గలేదు. బయటికి వెళ్లే పని పడకూడదని పొద్దుట ఇంట్లోంచి బయల్దేరినప్పటి నుంచి సాయంత్రం దాకా చుక్క నీళ్లు తాగడం మానేసింది. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

ఒక శుక్రవారం ప్రార్థనలో నిలబడ్డ పిల్ల నిలబడినట్టే కూలిపోయింది. కడుపులో నొప్పంది, వాంతి చేసుకుంది. పరుగు పందెం అప్పుడే ముగించినట్టు ఎగశ్వాస తీస్తోంది. అంబులెన్సుకి ఫోను చేశాం. అది వచ్చేలోగా దానమ్మ తడి చీర కొంగుతోనే పరిగెత్తుకొచ్చి, పిల్ల నోటి దగ్గర ముక్కు పెట్టింది.

"మాస్టారూ, మా గుంట నోట మగ్గిన జీడిపండు వాసనొస్తన్నాది. పొద్దుట కాఫీ సుక్క కూడా తాగలేదు. ఈ వాసనేటండీ?"

చేప కళ్లు చూడకుండా వాసనతోనే ఏ రోజు పట్టిందో చెప్పగల మనిషి ఆవిడ. ఆ మాటే ఆస్పత్రిలో పిల్లల డాక్టరమ్మకి చెప్పాను. ఆవిడ గబగబా వేలు గుచ్చి గ్లూకోమీటర్ పెట్టింది. మీటరు మీద అంకె లేదు. ఇంగ్లీషులో హెచ్, ఐ అని రెండక్షరాలున్నాయి. ఈ వేళప్పుడు మీటరు పలకరిస్తోందేమిటి అనుకున్నాను.

"ఈ మీటరు కొలవగలిగిన దానికన్నా షుగర్ ఎక్కువుంది. యూరిన్‌లో కీటోన్స్ కూడా ఉండుంటాయి. ఇది డీకేఏ, షుగర్ ముదిరి రక్తంలో ఆమ్లాలు పేరుకుపోవడం. వెంటనే ఐసీయూలోకి తీసుకోవాలి" అంది డాక్టరమ్మ. "ఎన్నాళ్ల నుంచి నీళ్లు ఎక్కువ తాగుతోంది?"

"రెండు నెల్లయ్యిందండి. ఇంటికొచ్చి కుండ కుండంతా ఒక్కర్తే దించేస్తాది. ఎండలకనుకున్నానండి" అంది దానమ్మ.

"స్కూల్లో ఎవరూ గమనించలేదా?"

డాక్టరమ్మ నా వైపు చూసింది. నా దగ్గర ఎప్పుడూ ఒక కత సిద్ధంగా ఉంటుంది. ఆ రోజు మాత్రం "క్లాసు టీచర్ని నేనేనండి" అన్నాను.

ఐసీయూలో మూడు రోజులు. ఒక చేతికి సెలైన్, ఇంకో చేతికి ఇన్సులిన్ డ్రిప్, గంటకోసారి వేలి మీద సూది. రెండో రోజు సాయంత్రం రత్నం కళ్లు తెరిచి, "అమ్మా, సేపలెవలు అమ్మతన్నారు?" అంది. దానమ్మ నవ్వుతూ ఏడ్చింది. డాక్టరమ్మ మమ్మల్నిద్దర్నీ కూర్చోబెట్టి చెప్పింది. "టైప్ వన్ డయాబెటిస్. తీపి తినడం వల్ల వచ్చింది కాదు, ఎవరి తప్పూ కాదు. ఒంట్లో ఇన్సులిన్ తయారవడం ఆగిపోయింది, కాబట్టి బయటినుంచి ఇవ్వాలి. మూడు పూటలా తిండికి ముందు, రాత్రి ఇంకోటి. చదువుకోవచ్చు, ఆడుకోవచ్చు. ఇన్సులిన్ మాత్రం ఒక్క రోజు కూడా ఆపకూడదు."

నర్సు బత్తాయి మీద సూది వెయ్యడం నేర్పింది. నా చేతిలోంచి బత్తాయి జారి కిందపడింది. దానమ్మ ఒక్కసారి చూసి వేసేసింది. "సేప పొట్ట సీరే సెయ్యండి నాది. సూది ఒక లెక్కేటి?"

"ఇంట్లో ఫ్రిజ్ ఉందా? బాటిల్స్ చల్లగా ఉంచాలి" అంది నర్సు.

"సల్లగానా? ఆ పని నాకొగ్గెయ్యండమ్మా" అంది దానమ్మ. ఊళ్లో చల్లదనం గురించి ఆవిడకన్నా తెలిసినవాళ్లు ఎవరున్నారు? నేనూ తలూపాను.

రత్నం ఇంటికొచ్చింది. పది రోజులు కూడా గడవకముందే మళ్లీ దాహం మొదలైంది. మీటరులో నాలుగు వందలు దాటుతోంది. సూదులు వేళకి పడుతున్నాయి, షుగర్ దిగదు. దానమ్మకి అనుమానమొచ్చి పిల్ల పుస్తకాల సంచి బోర్లించింది. "ఎక్కడ తింతన్నావే మిటాయి? నిజం సెప్పు! నీ పేనం మీద నీకే పేమ లేదేటే?" రత్నం తినలేదని ఒట్టు వేసింది. ఎవరూ నమ్మలేదు. నేనూ నమ్మలేదు, ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గేస్తోంది.

మళ్లీ ఆస్పత్రి. ఈసారి కీటోన్స్ ఇంకా రాకముందే వెళ్లాం. డాక్టరమ్మ ఇన్సులిన్ బాటిల్ తీసి వెలుతురుకి ఎత్తి చూసింది. లోపల సన్నని రవ్వల్లాంటివి తేలుతున్నాయి.

"దీన్ని ఎక్కడ పెడుతున్నారు?"

దానమ్మ గర్వంగా చెప్పింది. "ఐసు పెట్టెలోనండి. కింద ఐసు, మద్దెన మందు, పైన మల్లీ ఐసు. వంజరం సేపని కూడా ఇంత బాగా సూసుకోలేదండి."

డాక్టరమ్మకి నవ్వొచ్చింది, ఆపుకుంది. "అమ్మా, చేపకి ఐసు మంచిదే. ఇన్సులిన్ గడ్డ కడితే పాడైపోతుంది. మీరు నాలుగు పూటలా వేసింది మందు కాదు, నీళ్లతో సమానం. చల్లగా ఉండాలి గానీ గడ్డ కట్టకూడదు. ఫ్రిజ్ లేకపోతే కొత్త మట్టి కుండ చాలు. అడుగున తడి ఇసుక పోసి, దాని మీద చిన్న ముంతలో బాటిల్ పెట్టండి."

దానమ్మ పిల్ల వైపు తిరిగింది. ఆ పెద్ద గొంతు ఎక్కడికి పోయిందో గాని, "మిటాయి తినలేదు గదే నువ్వు" అని మాత్రం అంది. రత్నం గోడ వైపు తిరిగి పడుకుంది.

కొత్త బాటిల్‌తో రెండు రోజుల్లో షుగర్ దారికొచ్చింది. రత్నం మాత్రం రాలేదు. బడికి వెళ్లనంది. వారం చూసి వాళ్లింటికి వెళ్లాను. దానమ్మ గుమ్మం ముందు నెత్తళ్ల చేపలు ఎండబెడుతోంది. రత్నం లోపల చాప మీద కూర్చుని ఉంది.

"రత్నమ్మా, నీ చోటు ఖాళీగా ఉందే."

"ఉండనీండి."

"ఒక కత చెబుతాను విను..."

"మీ కతలు నాకొద్దండి మాస్టారండీ. మీరు కత సెప్తే క్లాసు నవ్వతాది. నవ్విందేదో సాలు. ఇప్పుడు సూది కూడానా? మల్లీ నవ్వడానికి ఆల్లకి ఇంకోటి దొరికింది."

"ఒసే! మాస్టార్నేటే అలగంతావు?" అని దానమ్మ బయటినుంచి అరిచింది.

"అననీ దానమ్మా" అన్నాను.

తర్వాత రత్నంతో ఒక మాట చెప్పాను. ఆ మాటేమిటో చివర రాస్తాను.

"ఇది క్లాసులో సెప్తారా?"

"చెబుతాను."

"అందరి ముందరా?"

"అందరి ముందరే."

"అయితే సోమారం వస్తాను. మీరు సెప్పకపోతే మద్దేనం ఎలిపోతాను."

సోమవారం మొదటి పీరియడ్‌లో చెప్పాను. క్లాసు నవ్వలేదు. తర్వాత రత్నమే ముందుకొచ్చి, తన మీటరు తీసి, సూది ఎందుకో, బాటిల్ ఐసులో ఎందుకు పెట్టకూడదో చెప్పింది. భయం పోగొడదామని నేనూ కొత్త సూదితో నా వేలు గుచ్చుకున్నాను. గుచ్చుకుని, ఊరు దాటి వినపడేలా అరిచాను. మీటరు తొంభై ఎనిమిది చూపించింది. నా జీవితంలో లెక్కల్లో అన్ని మార్కులు ఎప్పుడూ రాలేదు.

ఇన్సులిన్ కుండ స్టాఫ్ రూమ్ కిటికీ కింద నీడలో పెట్టాం. ఇసుక తడపడం తొమ్మిదో తరగతి వంతు. మధ్యాహ్నం భోజనం గంటకి ముందు రత్నం వచ్చి సూది వేసుకునేది. మొదట్లో తలుపు వేసుకునేది, దసరా సెలవులయ్యాక తెరిచే ఉంచేది. ఒకసారి ఇంగ్లీషు క్లాసులో ఆమెకి చెమటలు పట్టి, అడిగినదానికి సంబంధం లేని జవాబు చెప్పి, పక్కదాన్ని కసిరింది. ఆ పక్కపిల్లే "సార్, రత్నానికి లో షుగర్!" అని కేకేసి గ్లూకోజు పొడి నోట్లో వేసింది. మాలో ఒక్కరం కూడా అంత వేగంగా కనిపెట్టలేదు.

ఇక మరుగుదొడ్లు. హెడ్మాస్టరు గారిని పది మాటలడగాలని వెళ్లాను. నాకన్నా ముందు దానమ్మ వెళ్లింది. ఏమన్నదో వినలేదు గాని, బయటికొచ్చేటప్పుడు ఆయన నిటారుగా నడుస్తున్నారు. గుత్తి ఆవిడ చేతిలో ఉంది. మర్నాడు ఆవిడే ఒక వల బెండు తెచ్చింది, వలలు తేలడానికి కట్టే తేలికపాటి బెండు. దాన్ని క్లాసు తలుపు పక్కన మేకుకి తగిలించాం. బయటికి వెళ్లాల్సిన వాళ్లు బెండు తీసుకుని వెళ్లాలి, వచ్చి తగిలించాలి. చెయ్యెత్తక్కర్లేదు, అడగక్కర్లేదు, ఎవరూ నవ్వరు. దసరా తర్వాత మిగతా క్లాసులూ బెండ్లు తెప్పించుకున్నాయి.

రత్నం ఇప్పుడు ఎచ్చెర్ల యూనివర్సిటీలో పీజీ చదువుతోంది. నాలుగు సూదులూ అలాగే ఉన్నాయి. కబడ్డీ కూడా ఉంది. దానమ్మ ఇంటికి ఫ్రిజ్ వచ్చింది. కుండని మాత్రం ఆవిడ పారెయ్యలేదు, కరెంటు మీద ఆవిడకి నమ్మకం లేదు.

చదివే టీచర్లకీ తల్లిదండ్రులకీ నాది ఒక్కటే మాట. ఏ పిల్లయినా ఉన్నట్టుండి నీళ్లు ఎక్కువ తాగుతూ, మాటిమాటికీ బయటికి వెళ్తూ, చిక్కిపోతుంటే, కారణాలు ఊహించకండి. ఆ రోజే షుగర్ పరీక్ష చేయించండి.

దీన్ని పంపే ముందు రత్నానికి ఫోన్లో చదివి వినిపించాను. అంతా విని, "మాస్టారండీ, ఎనక బెంచీ గుంటలు మీకేటి పాపం సేసేరండి?" అంది.

సుద్దముక్క మీద ఒట్టేసి రాసిన దాంట్లో అబద్ధం అదొక్కటే. వెనక బెంచీ నుంచి ఎవరూ ఏమీ అనలేదు. వంశధారకి వరదొచ్చిందన్నది నేను. క్లాసు నవ్వితే బాగుందనిపించి మర్నాడు మళ్లీ అన్నాను. ఆ ఇంట్లో రత్నంతో చెప్పిందీ, సోమవారం క్లాసులో చెప్పిందీ ఇదే: ఆ పేరు పెట్టింది నేను, తప్పు నాది.

"ఆ ముక్క కొట్టేసి మళ్లీ రాస్తానమ్మా" అన్నాను.

"ఉండనీండి. కింద నిజం రాసీండి సాలు." మళ్లీ తనే అడిగింది. "తాబేలు మాత్రం నిజమే గదండీ?"

"ముమ్మాటికీ నిజం" అన్నాను. అప్పటికి సుద్దముక్క కింద పెట్టేశాను.