తెరుచుకోని లాగిన్ పేజీ

పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు మా యజమాని నన్ను సర్వర్ గదిలో ఉంచి బయట తాళం వేశారు. కోపంతో కాదు. కింద కౌంటరు దగ్గర గొడవ చేస్తున్న కస్టమర్లు మెట్లెక్కి నా మీదికి వచ్చేస్తున్నారని.

"నువ్వు స్థిమితంగా చూసుకో అమ్మాయ్. వీళ్ళ సంగతి నేను చూసుకుంటా" అని కటకటాల తలుపు లాగి, తాళంచెవి జేబులో వేసుకుని దిగిపోయారు.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. ఎంసీఏ అయ్యాక హైదరాబాదు పంపడానికి ఇంట్లో ఒప్పుకోలేదు. విజయవాడ గవర్నరుపేటలో, కేబుల్ మీద ఇళ్ళకు ఇంటర్నెట్ ఇచ్చే చిన్న కంపెనీలో చేరాను. కంప్యూటర్ల సంగతి తెలిసినదాన్ని అక్కడ నేనొక్కదాన్నే. అందుకని సెలవు అడిగితే "నువ్వు లేకపోతే ఎట్లాగమ్మా" అనేవారు. మొదట్లో ఆ మాటకు పొంగిపోయేదాన్ని.

మా కస్టమర్లు ఏ సైటు తెరిచినా ముందు మా లాగిన్ పేజీ వచ్చేది. పేరు, పాస్‌వర్డ్ కొడితే దారి వదిలేది. ఆ పేజీ చూపించి, మనిషిని గుర్తుపట్టి లోపలికి పంపే పనంతా ఒకే ఒక్క కంప్యూటరుది. దాన్ని మేం గేటు అనేవాళ్ళం. కొన్ని వారాలుగా గేటు మొరాయిస్తోంది. ప్రాసెసర్ మీద భారం నూటికి నూరు చూపించేది, లాగిన్ పేజీ సగం వచ్చి ఆగిపోయేది. కంప్యూటర్లు అమ్మే ఆయన మెమరీ చాలదన్నాడు, మెమరీ వేశాం. ఫ్యాను మార్చాం. ఏం చేసినా తేడా లేదు. రీస్టార్ట్ చేస్తే కాసేపు తేరుకునేది, అంతే.

ఫలితాల రోజు ఆ కాసేపు కూడా తేరుకోలేదు. రీస్టార్ట్ చేయగానే అప్పటిదాకా లోపల ఉన్నవాళ్ళందరినీ గేటు మరిచిపోతుంది. అందరూ ఒక్కసారిగా మళ్ళీ లాగిన్ అవడానికి వస్తారు. పేజీ రాకపోతే మళ్ళీ మళ్ళీ నొక్కుతారు. నేను బాగుచేయబోయిన ప్రతిసారీ రద్దీ ఇంకా పెరిగేది. కింద నుంచి యజమాని అరుపు వినిపించేది: "మళ్ళీ రీస్టార్ట్ కొట్టమ్మా!"

ఆ గదికి కిటికీ లేదు. ఏసీ గాలి సూటిగా నా మెడ మీదికి కొట్టేది. బాత్‌రూమ్ కటకటాలకు అవతల ఉంది. తాళం తీయమని అంతమంది మగవాళ్ళ ముందు కేకేయడానికి మొహమాటం. సీసాలో నీళ్ళున్నా తాగకుండా కూర్చున్నాను. కింద ఎవరో తల్లి ఏడుస్తున్నట్టే మాట్లాడుతోంది. "పొద్దుట్నించీ చూస్తన్నామండీ, పిల్లోడు అన్నం కూడా తినట్లేదు." ఆ గొంతు వింటూ కదలని తెరనే చూస్తున్నాను.

ఇక రీస్టార్ట్ చేయకూడదనుకున్నాను. పేటకొకటి చొప్పున గేటుకు వచ్చే తీగల్ని ఒక్కొక్కటే పీకి, తెర మీద భారం చూడటం మొదలుపెట్టాను. తీగ పీకితే ఆ పేట మొత్తానికి నెట్ పోతుంది. యజమానికి తెలిస్తే ఊరుకోరు. కానీ ఆయన రావాలంటే తాళం తీయాలి. ఆ తాళం ఆ కాసేపు నాకు ధైర్యాన్నిచ్చింది.

పటమట తీగ పీకాను, మార్పు లేదు. మొగల్రాజపురానిది పీకినా అంతే. భవానీపురం తీగ పీకగానే భారం సగానికి పైగా పడిపోయింది. మళ్ళీ పెట్టాను, లేచింది. అప్పుడు ఆ తీగ మీద ఎవరేం అడుగుతున్నారో తెర మీద పారించి చూశాను. ఒకే కంప్యూటరు, ఆగకుండా, మనిషి వేళ్ళకు సాధ్యం కాని వేగంతో గేటు తడుతోంది. అది లాగిన్ కూడా కాలేదు. వైరస్ పట్టిన కంప్యూటరు బయటికి పోవాలని ప్రయత్నించిన ప్రతిసారీ, మా గేటు పాపం మర్యాదగా లేచి లాగిన్ పేజీ చూపిస్తోంది. నేను ఇన్నాళ్ళూ లోపలికి వచ్చినవాళ్ళనే అనుమానించాను. బరువంతా గుమ్మం బయట ఉంది.

ఒకే చోటు నుంచి వరసగా తడితే పట్టించుకోవద్దని గేటుకు నియమం రాసిపెట్టాను. భారం మెల్లగా దిగింది. కింద అరుపులు సద్దుమణిగాయి. ఎవరో "వచ్చింది, వచ్చింది" అన్నారు.

యజమాని తాళం తీయగానే ముందు బాత్‌రూమ్‌కి పరుగెత్తాను. తిరిగొచ్చి, ఆ కంప్యూటరు నెంబరును బట్టి మా రిజిస్టరులో ఇల్లు వెతికి, వెళ్ళి వైరస్ తీసేసి వస్తానన్నాను. "లైన్‌మన్ వెళ్తాడులే, నువ్వెందుకు?" అన్నారు. "ఆయనకు తెలియదు సార్" అన్నాను. అది నిజమే. కానీ ఆ గదిలోంచి బయటపడితే చాలని కూడా ఉంది.

లైన్‌మన్ బండి వెనక కూర్చుని వన్‌టౌన్ సందుల్లోంచి, కుమ్మరిపాలెం మీదుగా భవానీపురం చేరాం. ఏసీలో బిగుసుకుపోయిన వేళ్ళకు ఎండ హాయిగా తగిలింది.

తలుపు తీసినావిడకు నలభై ఏళ్ళుంటాయేమో. బందరు వైపు సముద్రం ఒడ్డు ఊరు వాళ్ళది. భర్త చేపల లారీలతో ఎప్పుడూ దూరాలు తిరుగుతుంటాడట. ముందుగదిలో కంప్యూటరు వెలుగుతోంది. దాని మీద చేయి వేయబోతే ఆవిడ గబగబా అడ్డం వచ్చింది.

"ఆపమాకండి, మీకు పుణ్యముంటది! ఆపితే బొమ్మ పోద్దంట. పాప చెప్పెళ్ళింది."

తెర మీద మౌసుతో గీసిన బొమ్మ ఉంది. ఇసుక మీదికి లాగిన పడవలు, ఎండబెట్టిన చేపలు, వాటి దగ్గర గొడుగు వేసుకున్న ముసలామె. పాప వాళ్ళ అమ్మమ్మ అట. పదో తరగతి పరీక్షలు రాసిన వారానికే పాపను ఇంటర్ హాస్టల్లో వేశారు. బొమ్మ సగంలో ఉండగానే ఆటో వచ్చిందట. అప్పటి నుంచి ఆవిడ కంప్యూటరు ఆపలేదు. కరెంటు పోతే ఆరిపోకుండా ఇన్వర్టరుకి కలిపించింది.

"సేవ్ చేస్తే పోదండీ" అన్నాను. ఏం పేరు పెట్టాలని అడిగితే పాప పేరు చెప్పింది. ఆ పేరుతోనే దాచాను. వైరస్ తీసేసి, కంప్యూటరు ఆపి, మళ్ళీ వేసి బొమ్మ తెరిచి చూపించేదాకా ఆవిడ కుర్చీ వీపు పట్టుకుని నిలబడే ఉంది. బొమ్మ కనిపించాక కొంగుతో మొహం తుడుచుకుని, "పాప మార్కులు కూడా ఇందులో వస్తాయా అండీ?" అంది. గోడ మీద కేలండరులో హాల్‌టికెట్ నెంబరు రాసి ఉంది. పాస్‌వర్డ్ పాపకే తెలుసట, అందుకని మా ఆఫీసు పేరుతో లాగిన్ అయ్యాను. పేజీ వెంటనే వచ్చింది. పాప ఫస్ట్ క్లాసులో పాసైంది.

"ఫోన్ చేసి చెప్పండి" అన్నాను నవ్వుతూ.

ఆవిడ నవ్వలేదు. "ఆదివారం దాకా పిల్లలకి ఫోనియ్యరండీ. పోయినా గేటు దగ్గర్నించే పంపించేస్తారు."

ఆవిడ మార్కుల మీంచి చూపు తిప్పకుండానే మెల్లగా అడిగింది. "పోయిన ఆదివారం ఒకటే ఏడుపు, తీసుకుపొమ్మని. వాళ్ళ నాన్నేమో అలవాటైపోద్దంటాడు. మీరు చదువుకున్నోళ్ళు. తెచ్చేసుకుంటే తప్పా?"

నాకేం తెలుసని? పొద్దున్నుంచి ఆ గదిలో కూర్చున్న ఒళ్ళే జవాబిచ్చినట్టుంది. "తెచ్చేసుకోండి" అన్నాను.

గేటు బాగయిందని యజమాని చాలా సంతోషించారు. "ఇక నుంచి నువ్వు దాని పక్కనే ఉంటే మంచిది" అని ఆ వారమే నా బల్లను సర్వర్ గదిలోకి మార్పించారు. కాదనలేకపోయాను. ఆ ఉద్యోగం మానడానికి నాకు ఇంకా రెండు వేసవులు పట్టింది.

కాలేజీలు తెరిచాక, ఒక సాయంత్రం భవానీపురం నుంచి ఆ ఇంటి పేరుతో ఎవరో లాగిన్ అయ్యారు. మర్నాడు సాయంత్రమూ అదే వేళకు. తల్లికి పాస్‌వర్డ్ తెలియదు. పాప ఇంటి నుంచే కాలేజీకి వెళ్తోందని లైన్‌మన్ తర్వాత చెప్పాడు. నేను స్వెటరు గుండీలు పెట్టుకుని పనిలో పడ్డాను.