గడ్డి కప్పు మీద కుక్క

2009 జూన్‌లో నన్ను జనగామ నుంచి మహబూబాబాద్‌కు బదిలీ చేశారు. ప్రభుత్వ జూనియర్ కళాశాలలో ఇంగ్లీషు చెప్పే పని. మా హోదా పేరు జూనియర్ లెక్చరర్. వయసులో చిన్నవాడని కాదు, ఇంటర్మీడియెట్ వాళ్లకు చెప్పేవాడని అర్థం. అప్పటికి నాకు ఇరవై ఏళ్ల సర్వీసు ఉంది, దానికి తగ్గ అహంకారమూ ఉంది. ఇంగ్లీషు జాతీయాలు చెప్పడంలో నాకు పేరు. నూట యాభై జాతీయాలు, పక్కనే వాటి అర్థాలు. ఏటా అదే పట్టిక బోర్డు మీద రాసేవాణ్ని, పిల్లలు బట్టీ పట్టేవారు.

2011 సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. హాజరు పట్టీలో సంతకం పెట్టకూడదు, పాఠం చెప్పకూడదు, పొద్దున్నే వెళ్లి రోడ్డు పక్కన దీక్షా శిబిరంలో కూర్చోవాలి. రాష్ట్రం వస్తుందన్న ఉత్సాహంలో మాకు తిండి కూడా గుర్తుండేది కాదు. సరిగ్గా అప్పుడు బానోతు సునీత నన్ను వెతుక్కుంటూ శిబిరానికి వచ్చింది. గంగారం దగ్గరి తండా అమ్మాయి, ఆ ఏడే మా దగ్గర ఇంటర్ పూర్తి చేసింది. హనుమకొండలో ఒక సంస్థ గిరిజన పిల్లలకు డిగ్రీతోపాటు ఇంగ్లీషు శిక్షణ ఉచితంగా ఇస్తోందనీ, నాలుగు రోజుల్లో మౌఖిక పరీక్ష ఉందనీ చెప్పింది. జాతీయాలు తప్పకుండా అడుగుతారట. సీటు రాకపోతే పత్తి ఏరడానికి పోతానని మామూలుగా అనేసింది. నాకది మామూలుగా వినిపించలేదు.

పాఠం చెబితే సమ్మె ద్రోహిని, చెప్పకపోతే ఆ పిల్లకు ద్రోహిని. శిబిరం కన్వీనర్ యాదగిరిని అడిగాను. తహసీలు కార్యాలయంలో జూనియర్ అసిస్టెంట్ ఆయన. మామూలు రోజుల్లో నాకంటే కింది హోదా, సమ్మెలో మాత్రం ఆయన మాటే ఆర్డరు.

"కాలేజిల చెప్తే సమ్మె పోయినట్టే సార్. గదే రోడ్డు మీద చెప్పుండ్రి, నిరసన అయితది. మనం రోడ్డు మీద వండుకొని తింటలేమా?" అన్నాడు.

మర్నాడు నడిరోడ్డు మీద చాప పరిచి కూర్చున్నాం. సునీత, ఆమెను తీసుకొచ్చిన తండ్రి లచ్చు, చుట్టూ ఓ నలభై మంది. బోర్డు లేదు. 'రెడ్ టేప్' అంటే ఆఫీసుల్లో జరిగే జాప్యమని చెప్పి తర్వాతి దానికి పోబోయాను. యాదగిరి వదల్లేదు. ఆ మాట ఎక్కణ్నుంచి వచ్చిందని అడిగాడు. అదృష్టవశాత్తు నాకు తెలుసు. పూర్వం ఇంగ్లండు సర్కారు కచేరీల్లో కాగితాలను ఎర్ర నాడాతో కట్టేవారని చెప్పాను. మా పాత ఫైళ్లకు ఇంకా గదే కడతం సార్ అని ఆయన పగలబడి నవ్వాడు.

తర్వాత 'బై హుక్ ఆర్ బై క్రుక్', అంటే ఏదో ఒక విధంగా సాధించడం. రాజుగారి అడవిలో పేదలు చెట్లు నరకకూడదనీ, కొక్కెం కర్రకు అందిన ఎండుకొమ్మలే తీసుకోవాలనీ రూలు ఉండేదని, దాన్నుంచే ఈ మాట పుట్టిందని కొందరంటారు. ఆ సంగతి చెప్పగానే లచ్చు ముందుకు జరిగాడు. "మా దిక్కు జంగ్లాతోళ్లు గదే అంటరు సారూ. చెట్టు ముట్టొద్దు, దోటికి అందింది తెచ్చుకో అంటరు." జంగ్లాతోళ్లంటే అటవీశాఖ వాళ్లు, దోటి అంటే చివర కొడవలి కట్టిన పొడవాటి గెడ. అప్పుడు తట్టింది. ఇన్నేళ్లూ నేను రాయించింది అర్థాలే, ఆ మాటల వెనక ఉన్న మనుషుల్ని ఒక్కసారీ చూపలేదు. జనం ఇంకా చెప్పమన్నారు. నేను రెచ్చిపోయాను.

'రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్', అంటే కుండపోత వాన. కుక్కలూ పిల్లులూ ఎక్కణ్నుంచి వచ్చాయని ఎవరో అడిగారు. నిజానికి నాకు తెలియదు. నలభై మంది నా నోటివైపే చూస్తున్నారు. ఎక్కడో విన్న ముక్కను పట్టుకుని, పూర్వం ఇంగ్లండులో కుక్కలు ఇళ్ల గడ్డి కప్పుల మీద పడుకునేవనీ, పెద్దవాన వస్తే జారి కింద పడేవనీ దర్జాగా చెప్పేశాను. సునీత నోటుబుక్కులో రాసుకుంది.

లచ్చు తల అడ్డంగా ఊపాడు. "నేను ఇండ్లు కప్పెటోన్ని సారూ. నీళ్లు నిలువొద్దనే ఏటవాలు పెడ్తం. దాని మీద కుక్క ఎట్ల పండుకుంటది?"

ఇంగ్లండు కప్పులు వేరని కసిరాను. సాయంత్రం ఇంటికెళ్లగానే లావుపాటి నిఘంటువు తీశాను. ఆ మాట పుట్టుక ఎవరికీ కచ్చితంగా తెలియదనీ, గడ్డి కప్పుల కథ వట్టి కల్పన అనీ స్పష్టంగా ఉంది. చెంపమీద కొట్టినట్టయింది. సునీతను పక్కకు పిలిచి చెవిలో చెప్పి దిద్దించవచ్చు, నా పరువు దక్కుతుంది. కానీ తండ్రిని కసిరింది అందరి ముందు కదా.

మర్నాడు అదే చాప మీద నిలబడి, నిన్న చెప్పింది అబద్ధమనీ, లచ్చు చెప్పిందే సబబనీ, అసలు సంగతి నాకే కాదు, నిఘంటువుకూ తెలియదనీ చెప్పాను. ఎవరూ నవ్వలేదు. "తెలువదంటే అయిపోతుండె గద సారూ" అన్నాడు లచ్చు. సునీత పాత వాక్యం కొట్టేసి కొత్తది రాసుకుంది.

పరీక్షలో ఆమెకు నచ్చిన ఒక జాతీయం గురించి చెప్పమన్నారట. ఆమె ఇదే ఎంచుకుంది. అర్థం చెప్పి, జనం చెప్పుకునే కథ చెప్పి, అది ఎందుకు కుదరదో కప్పు వాలు చేత్తో చూపించి వివరించింది. అసలు పుట్టుక తెలియదంది. ఎవరు నేర్పారని అడిగితే, ఇండ్లు కప్పే మా బాపు అని చెప్పిందట. సీటు వచ్చింది. ఆ కబురు శిబిరంలో చెప్పినప్పుడు అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది నేనే.

తర్వాత ఆరేళ్లకు పదవీ విరమణ చేశాను. ఆ ఆరేళ్లూ నా పట్టికలో మూడో గడి ఉండేది, ఆ మాట ఎక్కడ పుట్టిందో రాయడానికి. చాలా వరసల్లో ఆ గడిలో 'తెలియదు' అనే ఉండేది. పిల్లలు ఎక్కువ ప్రశ్నలు వేసింది ఆ వరసల మీదే.