టవరు మీద మూసిన కళ్లు

ఆకాశాన్నీ సముద్రాన్నీ చేసి, కునుకన్నది లేకుండా మనకు కావలి ఉన్న దేవునికి స్తోత్రం. ఆయన కంటికి కనపడనిది లేదని ముప్పై ఏళ్లుగా సండేస్కూలు పిల్లలకు చెబుతున్నాను. ఆ మాట నా మీదికే వస్తే ఎలా ఉంటుందో నిరుడు శ్రమల దినాల్లో, ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస రోజుల్లో, తెలిసింది.

నెల్లూరు తీరంలో, ఒక గ్యాసు ట్యాంకుల కంపెనీలో నేను సెక్యూరిటీ గార్డును. డ్రోన్లతో బాంబులు కూడా వేయగలరని హెచ్చరిక వచ్చాక, మా గోడకంటే ఆకాశానికే కాపలా ఎక్కువైంది. వాటిని పసిగట్టే యంత్రం ఇంకా రాలేదు. అది వచ్చేదాకా టవరు మీద ఇద్దరు మనుషులు, ఒక బైనాక్యులర్. ఒకణ్ణి నేను. రెండోవాడు గూడూరు నుంచి వచ్చే ముస్లిం మిత్రుడు, నాకంటే పదేళ్లు చిన్న. నేను భాయ్ అంటాను, అతను అన్నా అంటాడు.

శ్రమల దినాల్లో, గోడ అవతలి మా పల్లె గుడిలో, అంటే మా చర్చిలో, రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకు గంట కొడతారు. సంఘస్థులు వల బాగుచేస్తున్నా, రొయ్యల గుంట దగ్గరున్నా, పని ఆపి తల వంచుతారు. మొదటి రెండు రోజులూ నేను టవరు మీదే టోపీ తీసి కళ్లు మూసుకున్నాను. ఆ కాసేపు భాయ్ నాలుగు దిక్కులూ చూశాడు.

"కళ్లు మూసుకుంటేనే ఇంటాడా అన్నా మీ దేవుడు?"

"తెరిస్తే నీ గడ్డం కనపడి ధ్యానం చెడతాదిలే."

శుక్రవారం అతను నమాజుకు పోతే కాపలా నాది. మా ఇన్‌ఛార్జి నోటిమాటగా ఒప్పుకున్నాడు. ఎక్కడా రాసి లేదు.

శ్రమల దినాల్లో వచ్చిన మొదటి శుక్రవారం. భాయ్ మెట్లు దిగుతూ, "బిన్నా వచ్చేస్తా అన్నా, ఆకాశం నీది" అన్నాడు. కాసేపటికి గంట మోగింది. ముందు రెండు రోజులు చేసినట్టే టోపీ తీశాను, కళ్లు మూశాను. పక్కన అతను లేడన్న సంగతి నాకు తోచనే లేదు. మా సంఘంలో జ్వరంతో పడి ఉన్నవాళ్ల పేర్లు ఒక్కొక్కటే చెప్పుకున్నాను. మధ్యలో ఒక రొద వినపడింది. వేటకు పోయిన బోటు తిరిగి వస్తోందనుకున్నాను.

ఆమేన్ అని కళ్లు తెరిస్తే, నాకూ పెద్ద ట్యాంకుకూ మధ్య గాలిలో డ్రోను నిలబడి ఉంది.

నోట్లో ఆమేన్ అలాగే ఉంది. చెయ్యి వాకీటాకీ మీద ఉంది, వేలు మాత్రం నొక్కడం లేదు. ఆ ట్యాంకు వెనకే మా పల్లె, మా గుడి. ఎప్పటికి నొక్కానో, ఏమని అరిచానో నాకు గుర్తులేదు. సైరన్ మోగింది, జనం పరుగెత్తారు. కింద ఉన్న జట్టు సిగ్నల్ ఆపే పరికరంతో దాన్ని ఇసుకలోకి దించారు. బాంబు లేదు, కెమెరా ఉంది. బీచిలో పెళ్లి జంటను తీస్తున్నవాళ్లు ట్యాంకులు బాగున్నాయని ఇటు తిప్పారట.

కంపెనీ ఆఫీసరు అడిగాడు. "ఎప్పుడు చూసినావు?"

"ఒక్కసారిగా వచ్చినాది సార్. ఒక్కణ్ణే ఉండా, నాలుగు దిక్కులూ ఎట్టా చూసేది?"

నా నోటి నుంచే వచ్చింది ఆ మాట. రెండోవాడు ఎక్కడని ఆయన అడిగాడు. నమాజుకు పోయాడని చెప్పాను, తాను ఒప్పుకున్న సంగతి మాత్రం ఇన్‌ఛార్జి బయటపెట్టలేదు. సాయంత్రానికి భాయ్ గుర్తింపు కార్డు తీసేసుకున్నారు. ఉద్యోగం ఉంచేదీ తీసేదీ మర్నాడు చెబుతామన్నారు. గేటు దగ్గర క్యారియర్ పట్టుకుని నిలబడ్డాడు.

"నమాజుకు పోతే దొంగనైపోతినే. ఇన్‌ఛార్జి ఒప్పుకున్నాడని నువ్వన్నా చెప్పకూడదా అన్నా?"

నేను టోపీ సర్దుకుని పల్లె దారి పట్టాను.

మర్నాడు ఆఫీసరు నన్ను పిలిచి, డ్రోను తీసిన వీడియో కంప్యూటర్లో పెట్టాడు. సముద్రం, సరుగుడు తోపు, గోడ, తర్వాత మా టవరు. టవరు మీద ఒక బట్టతల. అది నాదే. వంగి, కదలకుండా ఉంది. ఆ బొమ్మ నెమ్మదిగా పెద్దదవుతూ నా మీదికి వస్తోంది. నేను మాత్రం తల ఎత్తడం లేదు. నేను కావలి కాయాల్సిన ఆకాశం నన్ను అంతసేపు చూసింది.

"లాగ్‌బుక్ రాస్తా ఉన్నావు గదా?" అన్నాడు ఆఫీసరు. వీడియోలో నా ముందు బల్ల మీద డ్యూటీ వివరాలు రాసే ఆ పుస్తకం ఉంది నిజమే. అవును అంటే టవరు మీద నా ఉద్యోగం నిలబడుతుంది. గేటు బయట భాయ్ కాచుకుని ఉన్నాడు.

"లేదు సార్. ప్రార్థన చేస్తా ఉండా. కళ్లు మూసుకోనుండా. వాడుండుంటే చూసేవాడు. ముందు రెండు రోజులూ వాడే చూసినాడు. తప్పు నాది."

భాయ్ కార్డు తిరిగి ఇచ్చారు. నన్ను టవరు దించి లారీల గేటుకు పంపారు. భాయ్ నాతో వారం రోజులు మాట్లాడలేదు. తర్వాతి శనివారం గేటు దగ్గర ఆగి, "ఇక్కడన్నా కళ్లు తెరిచి చెయ్యన్నా, లారీ ఎక్కేస్తాది" అన్నాడు. నవ్వలేకపోయాను.

ఈ ఏడు కూడా గంట మోగుతోంది. గేటు దగ్గర నిలబడి, రోడ్డును చూస్తూనే ప్రార్థిస్తున్నాను. చదివే మీరు కూడా నాతో చేరండి: తండ్రీ, మా కోసం మేలుకుని ఉన్నవాళ్లను కాపాడు, మా తప్పు వాళ్ల మీద పడనీయకు. మీరూ ఎక్కడన్నా కాపలాలో ఉంటే, కళ్లు తెరిచే ఆమేన్ అనండి.