రెండు సీట్ల కారుకు వెడల్పు చక్రాలు

ముందే చెప్పేస్తున్నాను, నేను పెంచి చెప్తాను. మా ఇంట్లో కనబడ్డ ఎలుక నా నోట్లో పడి వీధి చివరికి చేరేసరికి పందికొక్కు అవుతుంది, బస్టాండు చేరేసరికి ఎలుగుబంటి అవుతుంది. కాబట్టి ఇందులో కొలతలన్నీ కాస్త తగ్గించుకుని చదవండి. అక్క జబ్బును మాత్రం తగ్గించకండి. దాన్ని పెంచే అవసరం నాకు రాలేదు.

బావది మిర్యాలగూడలో రైసుమిల్లు, ఇల్లూ ఆ ఆవరణలోనే. ఎనభైల్లో, మిల్లు జోరుగా ఆడిన రోజుల్లో, హైదరాబాదులో ఎవరి గ్యారేజీలోనో మూలుగుతున్న పాత స్పోర్ట్స్ కారు కొనుక్కొచ్చాడు. పైకప్పు లేదు, సీట్లు రెండే. అది ఎంత కిందికి ఉంటుందంటే, అందులో కూర్చున్నవాణ్ణి పక్కన పోయే మేక కూడా వంగి చూసి జాలిపడేది. కొన్న ఏడాదే టైర్లు పగిలాయి. ఆ సైజువి ఎక్కడా దొరకలేదు. కారు మిల్లు షెడ్డులో ఇటుకల మీదికెక్కింది. దాని మీద పేరుకున్న ఊకతో ఇటుకబట్టీ నడపొచ్చు.

అక్క అందులో ఒక్కసారి కూడా కూర్చోలేదు. అత్తగారు చూస్తుండగా పైకప్పు లేని కారులో మొగుడి పక్కన కూర్చోవడానికి సిగ్గుపడింది. ఆ సిగ్గు తీరేలోపే టైర్లు పోయాయి.

తొంభైల చివర్లో హైదరాబాదు డాక్టర్లు ఆమెను ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఇంటికొచ్చాక అక్క అడిగింది ఒక్కటే. బావ మంచం పక్కనే ఉన్నా నాతోనే చెప్పింది.

"తమ్మీ, మీ బావకు చెప్పు. ఆ కార్ల ఒక్కపారి వేములపల్లి దాంక తిప్పుకరమ్మను. పొలాలు పచ్చగున్నప్పుడే."

"అది ఇటుకల మీదున్నది గదనే అక్కా."

"నేనేమన్న సక్కగున్ననా? ఇద్దరికి జోడు కుదురుతది."

బావ మర్నాడే హైదరాబాదు పోయి అప్పుడప్పుడే వస్తున్న అల్లాయ్ చక్రాలు నాలుగు, వాటికి సరిపోయే వెడల్పు టైర్లు తెచ్చాడు. చక్రం నడిమి రంధ్రం కారు ఇరుసు మీదికి ఎక్కలేదు. దాన్ని లేతు మీద కోయించడానికి నేను టైర్లు లేని చక్రాలను బస్సులో మా సూర్యాపేటకు మోశాను. కండక్టరు వాటిని చూసి, "ఏ పెండ్లికి సార్ గిన్ని ఇడ్లీ పల్లాలు?" అన్నాడు. బస్సంతా నవ్వింది. నవ్వుకు అద్దాలు పగిలాయని రాద్దామనుకున్నాను, పోనీయండి.

మిల్లు లారీలు చూసే మెకానిక్కు ఇంజిను లేపి, చక్రాలు బిగించాక చూస్తే అవి బాడీ దాటి జానెడు బయటికొచ్చాయి. కారు కాళ్లు చాపిన కప్పలా ఉంది. అయినా మిల్లు ఆవరణలో బావ ఒక్కడే నడిపితే హాయిగా తిరిగింది. ఆ సాయంత్రమే అక్కను ఎక్కించేవాడే. కానీ మిల్లువాడు తూచనిదే దేన్నీ నమ్మడు.

"పక్క సీట్ల బరువు పెట్టి సూడాలె," అని డెబ్బై అయిదు కిలోల వడ్ల బస్తా తెప్పించి సీట్లో కూర్చోబెట్టి తాడుతో కట్టాడు. మిల్లులో బరువంటే బస్తానే. అంతకన్నా చిన్న కొలత బావకు తోచలేదు, నాకూ తోచలేదు. గేటు దగ్గరి గుంటలో దిగగానే వెనక టైరు మడ్‌గార్డు అంచుకు రాసుకుని కీచుమంది. రబ్బరు కాలిన వాసన.

మా లారీ మెకానిక్కు తల గోక్కున్నాడు. "బస్త లేకుంటే తాకుతలేదు సేటూ."

"పక్క సీటు ఖాళీగ పెట్టుకొని పోయెటందుకా ఇదంత?" అని బావ అరిచాడు.

ఆ అంచును లోపలికి మడవాలి. పాత రేకును చిరగకుండా మడిచే టింకరు కోదాడలో ఉన్నాడు. నేను పోయేసరికి అతను యాక్సిడెంటయిన లారీ క్యాబిన్‌లో నడుం దాకా దూరి ఉన్నాడు.

"నాలుగు రోజులు ఆగండి సార్, ఇది అయిపోగానే వచ్చేస్తా. తొందరపడి లారీ సుత్తితో కొట్టించారనుకోండి, చిరిగిపోద్ది."

ఆగాం. అతని నాలుగు రోజులు సాగుతూ పోయాయి. అక్క రోజూ అడిగేది. "మీ బావ కారు జేస్తున్నడా, రైలు జేస్తున్నడా?" తర్వాత అడగడం మానేసి కిటికీ వైపు చూసేది. కిటికీలోంచి షెడ్డు గోడ తప్ప ఏమీ కనబడదు.

చివరికి టింకరు వచ్చాడు, అంచు మడిచాడు. బావ అక్కను ఎత్తుకొచ్చి సీట్లో కూర్చోబెట్టాడు. వేములపల్లి దాకా టైరు ఎక్కడా తాకలేదు. పొలాలు పచ్చగా ఉన్నాయి. అక్క కొంగు గాలికి లేచి బావ మొహం కప్పేస్తే, "దారి కనబడుతలేదే" అని ఆయన మొత్తుకున్నాడు.

నేను కల్పించింది ఈ ప్రయాణమే. మిగతావి పెంచాను, దీన్ని మాత్రం మొత్తంగా పుట్టించాను. టింకరు వచ్చింది నిజమే. అప్పటికి మిల్లు ముందు టెంటు వేసి ఉంది. సుత్తి సంచీ బయటే పెట్టి, చేతులు కట్టుకుని జనంలో నిలబడ్డాడు.

ఆ పొద్దున అక్కను మంచం మీంచి కింద చాప మీదికి దించాలి. నలుగురం ముందుకు పోతే బావ వద్దని తనొక్కడే ఎత్తాడు. ఎత్తి, దించకుండా అలాగే నిలబడిపోయాడు. చేతులతో బస్తా లేపి ఎన్ని కిలోలు తక్కువో చెప్పగల మనిషి.

"బామ్మర్దీ," అన్నాడు, "సగం బస్త గూడ లేదు. టైరు తాకకపోతుండె."