మల్లయ్య బావిలో రెండు రకాల నత్రజని

ఫలితం ఫోన్లో చెప్పేస్తే అయిపోయేదే. కానీ కోరుట్ల పక్క ఊళ్లోని మల్లయ్య, ఆయన పాలివాడు, వరసకు తమ్ముడైన రాజన్న, ఎవరికి కావలసిన సగమే వాళ్లు వినే మనుషులని మొదటిసారే అర్థమైంది. అందుకే స్వయంగా బయలుదేరాను.

తగవు ఒక బావి గురించి. బావి మల్లయ్యది. అందులో నైట్రేట్ మితిమీరింది. గోడ అవతల ఉన్న రాజన్న బర్రెల కొట్టం వల్లే అంటాడు మల్లయ్య. మల్లయ్య తన మడికి గుప్పే యూరియా వల్లే అంటాడు రాజన్న. హైదరాబాదులో మా ల్యాబ్ ఇలాంటి తగవుల్లోనే వేలు పెడుతుంటుంది. నత్రజని పరమాణువుల్లో కాస్త బరువైన ఐసోటోపులు కొన్ని ఉంటాయి. పేడ నుంచి వచ్చిన నత్రజనిలో వాటి పాలు ఎక్కువ, యూరియాది అయితే తక్కువ. కొలిస్తే అది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పొచ్చు. మొదటిసారి నీళ్లలోని నత్రజనినంతా కలిపి కొలిచాం. అంకె సరిగ్గా నడిమధ్యన వచ్చింది. తాము నిర్దోషులని తేలిపోయిందని ఇద్దరూ పోటీపడి నాకు చాయ్ పోయించారు. ఆ తర్వాత మళ్లీ నీళ్లు తెప్పించి, అమ్మోనియంగా ఉన్న నత్రజనిని, నైట్రేట్‌గా ఉన్నదాన్ని విడదీసి, దేనికది కొలిచాం. ఆ జవాబు ఇప్పుడు నా సంచిలో ఉంది.

సంచితో పాటు ఒక ఐసు డబ్బా. ఊరికి ఎగువన బడి దగ్గరున్న బోరు నీళ్లు కూడా, బావి నీళ్లతో పోల్చడానికి, పట్టుకురావాలి. చల్లగా ఉంచకపోతే సూక్ష్మజీవులు దారిలోనే అమ్మోనియంను నైట్రేట్‌గా మార్చేస్తాయి. ల్యాబ్‌కు చేరేది బోరు కథ కాదు, బస్సు కథ.

ఉదయం ఆరింటికి జూబ్లీ బస్టాండులో జగిత్యాల బస్సు ఎక్కాను. ఆడవాళ్లకు టికెట్ లేదు కదా అని ధీమాగా ఆధార్ కార్డు చూపించాను. కండక్టర్ కార్డు చూసి, డబ్బా వైపు తిరిగాడు.

"నీకు జీరో టికెట్ మేడం. మరి దీనికి ఆధార్ ఉన్నదా?"

డబ్బాకు టికెట్ కొట్టించి, ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. సిద్దిపేటలో చాయ్, ఇడ్లీ. పదకొండు దాటాక జగిత్యాల. అక్కడ చేపలమ్మే ఆమె దగ్గర ఐసు కొన్నాను. చేపలు వద్దు, ఐసు మాత్రమే అంటే ఆమె నన్ను జాలిగా చూసి ఇంకో గుప్పెడు వేసింది. కోరుట్ల బస్సులో నా పక్క సీటు చివరిదాకా ఖాళీగానే ఉంది. వాసన వల్ల అనుకుంటాను. కోరుట్లలో మెస్సు భోజనం, పచ్చిపులుసు బాగుంది. అక్కడి నుంచి ఆటోలో ఊరికి.

మల్లయ్య వాకిట్లో ఒకే మంచానికి ఈ చివర ఆయన, ఆ చివర రాజన్న కూర్చుని ఉన్నారు.

"చెప్పున్రి మేడం, ఎవలది?" అన్నాడు మల్లయ్య.

"నైట్రేట్‌గా ఉన్నది యూరియాది. అమ్మోనియంగా ఉన్నది పేడది."

"అంటే?"

"ఇద్దరిదీ."

మంచం కిర్రుమంది. రాజన్న ముందుకు వంగాడు. "ఎవలది ఎక్కువ మేడం?"

"ఇవాళ నైట్రేట్ ఎక్కువ. కానీ ఇవాళ్టి అమ్మోనియమే రేపటి నైట్రేట్."

"నేను చెప్పలే?" అని ఇద్దరూ ఒకేసారి అన్నారు.

అప్పుడే మల్లయ్య కోడలు లావణ్య పాలసీసా ఊపుకుంటూ బయటికి వచ్చింది, చంకలో పాప. నేను ముందు వచ్చినప్పుడు ఆమె పురిటికని తల్లిగారింట్లో ఉంది. వచ్చి వారమే అయిందట.

"పాలపొడి ఏ నీళ్లతో కలిపావమ్మా?"

"గీ బాయి నీళ్లే మేడం. మంచిగ మరగబెట్టిన."

అంతవరకూ నాకు ఇది తమాషా తగవే. ఆ మాట వినగానే సీసాకు చెయ్యి అడ్డుపెట్టాను. మరగబెడితే క్రిములు చస్తాయి గానీ నైట్రేట్ పోదని, నీళ్లు ఇగిరి ఇంకా చిక్కబడుతుందని, నెలల పిల్లలకు రక్తంలో ప్రాణవాయువు అందక పెదవులు నీలంగా మారతాయని చెప్పాను. లావణ్య పాప ముఖాన్ని వెలుతురుకు తిప్పి చూసింది. నేనూ చూశాను. పెదవులు ఎర్రగానే ఉన్నాయి.

"మేం గీ నీళ్లే తాగి పెరిగినం గదా," అని మల్లయ్య గొణిగాడు.

లావణ్య సీసా మూత తీసి పాలు మోరీ కాలవలో పోసింది. "మీరు నీదంటే నీదని కొట్లాడుకుంట కూసున్రి. నా బిడ్డ మాత్రం రెండూ తాగుతున్నది."

మొదట లేచింది రాజన్నే. పాపను కోరుట్ల డాక్టరుకు చూపించాలని ఆటో పిలిచాడు. లావణ్యను పంపి, మేం ముగ్గురం బోరు దగ్గరికి నడిచాం. నైట్రేట్ పరీక్ష పట్టీ నీళ్లలో ముంచితే రంగు దాదాపు మారలేదు; పాపకు ఈ నీళ్లు వాడొచ్చన్నాను. నమ్మకం కుదరక మల్లయ్య ఇంకో పట్టీ ముంచమన్నాడు. ముంచాను. అదీ అంతే. నీళ్లు వడకట్టి రెండు సీసాల్లో పట్టి, ఐసులో పెట్టాను.

సాయంత్రం అయిదింటికి కోరుట్లలో సిరిసిల్ల బస్సు దొరికింది. చందుర్తిలో దిగాల్సిన ఒక అవ్వ పక్కన కూర్చుంది.

"గా డబ్బల ఏమున్నది బిడ్డా?"

"నీళ్లవ్వా. బోరు నీళ్లు. హైదరాబాదు తీసుకుపోతున్న."

"అయ్యో, పట్నంల గంత కరువొచ్చిందా!" అని తన నీళ్ల సీసా కూడా నా చేతిలో పెట్టి దిగిపోయింది. ఐసోటోపుల గురించి చెప్పే వ్యవధి ఇవ్వలేదు.

సిరిసిల్లలో దిగేసరికి చీకటి పడుతోంది. వీధి పొడవునా మరమగ్గాల చప్పుడు. లాడ్జి మేనేజరు సీసాలను ఫ్రిజ్‌లో పెట్టనిచ్చాడు. ఎవరైనా తాగుతారేమోనని నేను భయపడితే నవ్వాడు. "ఫికర్ చెయ్యకున్రి మేడం. మా గిరాకులు ఫ్రిజ్ తీసేది నీళ్లకోసం కాదు."

మరునాడు పొద్దున సీసాలకు కొత్త ఐసు వేసి హైదరాబాదు బస్సెక్కాను. ఎవరైనా ఈ దారిన వెళ్తే జగిత్యాల మీదుగా వెళ్లి సిరిసిల్ల మీదుగా తిరిగి రండి. దారి బాగుంది, మాటలకు కొదవ లేదు. కొలిచి తెచ్చిన నిజం మీద నాకున్న గర్వం మాత్రం ఆ వాకిట్లో కాస్త తగ్గింది. తప్పు ఎవరిదో తేల్చడానికి మాకు పట్టిన నెలల్లో ఆ పాప పుట్టి, పాలసీసా పట్టే వయసుకు వచ్చింది.

సిద్దిపేట దాటాక లావణ్య ఫోన్ చేసింది. డాక్టర్ చూశాడట, పాప మంచిగున్నదట.

"గని ఇంట్ల కొత్త లొల్లి మొదలైంది మేడం. పొద్దుగాల్నే ఇద్దరు చెరో బిందె పట్టుకొని బోరుకాడికి పోయిన్రు. మా మామ తెచ్చిన నీళ్లతోని పాలు కలిపితే చిన్నమామ అలిగి కూసున్నడు. ఎవల నీళ్లు వాడాలె?"

"రెండూ ఒకే బోరు నీళ్లు కదమ్మా!"

"గదేదో మీరే చెప్పున్రి వాళ్లకు," అని ఫోన్ స్పీకర్‌లో పెట్టింది. నేను నోరు తెరిచేలోపే అవతలి నుంచి రెండు గొంతులు ఒకేసారి మొదలుపెట్టాయి.